1920కి ముందున్న చరిత్ర: సాల్ వైట్ స్మారకోపన్యాసం

 1955 ఆగస్టు 26న న్యూయార్క్ రాష్ట్రంలోని సెంట్రల్ ఐస్లిప్‌లో కన్నుమూసిన కింగ్ సాలమన్ వైట్ స్మృతికి ఈ సాయంకాలం అంకితమైంది. బేస్‌బాల్ లోకం ఆయన్ని సాల్ వైట్ అని పిలిచింది. ఆయన ఆటగాడు, మేనేజరు, పత్రికా రచయిత. నల్లజాతి బేస్‌బాల్‌కు మొట్టమొదటి చరిత్ర రాసినవాడు కూడా ఆయనే. క్రికెట్‌కు అలవాటుపడిన మనకు మేనేజరంటే ప్రయాణాలూ బసలూ చూసుకునే మనిషి గుర్తుకొస్తాడు. బేస్‌బాల్‌లో ఆ పదవి బరువు వేరు. ఎవరు ఆడాలి, ఏ వరసలో బ్యాటు పట్టాలి, బంతి విసిరే పిచర్‌ని ఎప్పుడు మార్చాలి అన్నవన్నీ మేనేజరే నిర్ణయిస్తాడు. వైట్ కాలంలో మంచి ఆటగాళ్లను వెతికి తెచ్చుకోవడం, వాళ్లు చెయ్యి జారిపోకుండా కాపాడుకోవడం కూడా అతని బాధ్యతే. ఈ ఉపన్యాసమంతా ఆ అర్థంలోనే ఆ మాట వాడుతున్నాను.

నల్లజాతి బేస్‌బాల్ గురించి మాట్లాడేవారు సాధారణంగా 1920 ఫిబ్రవరి 13తో మొదలుపెడతారు. ఆ రోజు కాన్సస్ సిటీలోని వైఎంసీఏ భవనంలో రూబ్ ఫాస్టర్ పూనికతో నీగ్రో నేషనల్ లీగ్ పుట్టింది. ఆ తేదీకి ఇప్పుడు అధికారముద్ర కూడా పడింది. 1920 నుంచి 1948 దాకా నడిచిన ఏడు నీగ్రో లీగులకు మేజర్ లీగుల హోదా ఇస్తున్నట్టు 2020 డిసెంబరులో మేజర్ లీగ్ బేస్‌బాల్ సంస్థ ప్రకటించింది. 2024లో ఆ లీగుల అంకెలను ప్రధాన పట్టికల్లో కలిపినప్పుడు, జీవితకాల బ్యాటింగ్ సగటులో జోష్ గిబ్సన్ .372తో అందరికన్నా పైకి వచ్చాడు. చాలా ఆలస్యంగా జరిగిన న్యాయం అది, దానికి సంతోషించాల్సిందే. కానీ గీత 1920 దగ్గర గీయడంతో సాల్ వైట్, బడ్ ఫౌలర్, ఫ్రాంక్ గ్రాంట్ తరం మొత్తం అవతలే ఉండిపోయింది. 1920కి ముందు కాలం లీగుల కోసం ఎదురుచూస్తూ గడిచిన ఖాళీ కాదనీ, ఆనాటి స్వతంత్ర క్లబ్బులే ఒక వ్యవస్థ అనీ, ఆ వ్యవస్థ లేకపోతే ఫాస్టర్ లీగు నిలిచేది కాదనీ నా వాదన. అందుకు సాల్ వైట్ జీవితమూ, 1907లో ఆయన అచ్చువేసిన చిన్న పుస్తకమూ నాకు ముఖ్యమైన ఆధారాలు.

ముందుగా ఆ క్లబ్బులు ఎందుకు పుట్టాల్సి వచ్చిందో చూడాలి. అంతర్యుద్ధం ముగిసి రెండేళ్లు దాటిందో లేదో, 1867 డిసెంబరులో ఫిలడెల్ఫియాలో సమావేశమైన జాతీయ బేస్‌బాల్ సంఘం నల్లవారు సభ్యులుగా ఉన్న క్లబ్బులను చేర్చుకోరాదని నిర్ణయించింది. ఆ మరుసటి ఏడు, 1868 జూన్ 12న, ఒహాయో రాష్ట్రంలోని బెల్లెయిర్‌లో వైట్ పుట్టాడు. ఆయన పుట్టిన నెలరోజులకు నల్లవారి పౌరసత్వానికి రాజ్యాంగ రక్షణ కల్పించిన పద్నాలుగో సవరణ అమల్లోకి వచ్చింది. చట్టం ఒక తలుపు తీస్తుంటే క్లబ్బుల సంఘాలు ఇంకో తలుపు మూస్తున్న రోజులవి. అయినా మూత పూర్తిగా పడలేదు. 1884లో మోజెస్ ఫ్లీట్‌వుడ్ వాకర్ టొలీడో జట్టు క్యాచర్‌గా మేజర్ లీగులో ఆడాడు. అతని తమ్ముడు వెల్డీ కూడా అదే జట్టుకు కొన్ని ఆటలు ఆడాడు. 1887 నాటికి మేజర్ లీగుల కింది స్థాయిలో పేరున్న ఇంటర్నేషనల్ లీగ్‌లో బఫలోకు ఫ్రాంక్ గ్రాంట్, బింగ్‌హామ్టన్‌కు బడ్ ఫౌలర్, సిరక్యూస్‌కు రాబర్ట్ హిగ్గిన్స్, న్యూవార్క్‌కు జార్జ్ స్టోవీ, ఫ్లీట్‌వుడ్ వాకర్ ఆడుతున్నారు. ఇలా ఆడడమూ సుఖంగా లేదు. సిరక్యూస్‌లో ఒక తెల్లజాతి పిచర్ హిగ్గిన్స్‌తో కలిసి జట్టు ఫొటో దిగనని మొండికేశాడు. రెండో బేస్ దగ్గర కాపుండే నల్లజాతి ఆటగాళ్ల మీదికి మేకుల బూట్లతో దూకడం ఎంత మామూలైందంటే, వాళ్లు కాళ్లకు చెక్క పలకలు కట్టుకున్నారని ఆనాటి పత్రికలు రాశాయి.

1887 జూలై 14న రెండు సంగతులు జరిగాయి. న్యూవార్క్‌లో స్టోవీ ఆడితే తమ జట్టు మైదానంలోకి దిగదని షికాగో జట్టు నాయకుడు క్యాప్ ఆన్సన్ పట్టుపట్టాడు, స్టోవీ ఆడలేదు. అదే రోజు బఫలోలో కూర్చున్న ఇంటర్నేషనల్ లీగ్ డైరెక్టర్లు ఇకపై నల్లజాతి ఆటగాళ్లతో కొత్త ఒప్పందాలకు ఆమోదం ఇవ్వకూడదని ఓటు వేశారు. సరిగ్గా ఆ ఏడాదే పంతొమ్మిదేళ్ల సాల్ వైట్ వృత్తి ఆటగాడయ్యాడు. తొలుత పిట్స్‌బర్గ్ కీస్టోన్స్ తరఫున ఒక నల్లజాతి లీగులో ఆడాడు. వేసవి మొదట్లో ప్రారంభమైన ఆ లీగు రెండు వారాలైనా బతకలేదు. బోస్టన్ నుంచి వచ్చిన జట్టు లూయీవిల్‌లో ఇంటికి తిరిగివెళ్లే దారి ఖర్చులు లేక చిక్కుకుపోయింది. అక్కణ్నుంచి వైట్ ఒహాయో స్టేట్ లీగ్‌లోని వీలింగ్ జట్టుకు వెళ్లి బ్రహ్మాండంగా రాణించాడు. మరుసటి ఏడు ఆ లీగు పేరు మార్చుకుని ట్రై-స్టేట్ లీగ్ అయింది, నల్లవారిని నిషేధించింది. అప్పుడు వెల్డీ వాకర్ లీగు అధ్యక్షుడికి రాసిన బహిరంగ లేఖ 1888 మార్చిలో ‘స్పోర్టింగ్ లైఫ్’ పత్రికలో అచ్చయింది. ఆటగాణ్ని పక్కన పెట్టాలంటే ఆటలోనో, నడవడిలోనో, తెలివిలోనో లోపం చూపించండి, రంగు చూపించి కాదు అన్నది ఆ లేఖ సారాంశం. నిషేధం ఎత్తేశారు. అయినా వైట్‌కు వీలింగ్‌లో చోటు దక్కలేదు. ఆ తర్వాత కూడా ఆయన అక్కడా ఇక్కడా చిన్న లీగుల్లో ఆడుతూనే వచ్చాడు. అలా నమోదైన 159 ఆటల్లో ఆయన సగటు .356. అంత సగటున్న తెల్లజాతి యువకుడికి ఆ రోజుల్లో పై లీగులు కబురు పంపేవి.

ఈ మూతపడుతున్న లోకం పక్కనే మరో లోకం తయారవుతోంది. 1885లో లాంగ్ ఐలండ్‌లోని బాబిలోన్ ఊళ్లో ఆర్గైల్ హోటల్ సిబ్బందితో రూపుదిద్దుకున్న క్యూబన్ జెయింట్స్, జీతాలిచ్చి ఏడాది పొడవునా ఆడించిన తొలి నల్లజాతి వృత్తి జట్టు. ట్రెంటన్‌కు చెందిన వాల్టర్ కుక్ డబ్బు పెట్టాడు, ఎస్. కె. గవర్న్ అనే నల్లజాతి మేనేజరు నడిపాడు. ఎవరికి ఎంత ముట్టిందో వైట్ తన పుస్తకంలో వారాల లెక్కన రాశాడు: పిచర్లకూ క్యాచర్లకూ ఖర్చులు కాక 18 డాలర్లు, ఇన్‌ఫీల్డర్లకు 15, అవుట్‌ఫీల్డర్లకు 12. ఈ మూడు అంకెలను తేలిగ్గా దాటేయకూడదు. ఏ స్థానానికి ఎంత విలువో తేల్చి జీతాలు నిర్ణయించారంటే అక్కడ సరదాగా పోగైన మనుషుల గుంపు లేదు, ఒక వృత్తి ఉంది. పదేళ్ల తర్వాత, 1895లో, వైట్ కొంతకాలం ఆడిన పేజ్ ఫెన్స్ జెయింట్స్ సంగతి చూడండి. మిషిగన్ రాష్ట్రం ఆడ్రియన్ పట్టణంలో తీగె కంచెలు తయారుచేసే కంపెనీ ప్రచారం కోసం పుట్టిన జట్టు అది, వెనక ఉన్న ఆలోచన మాత్రం బడ్ ఫౌలర్‌ది. చాలా ఊళ్ల హోటళ్లు నల్లవారికి గది ఇవ్వవు. అందుకని జట్టుకు సొంతంగా ఒక రైలు బోగీ ఉండేది. పడకలు, వంటవాడు అన్నీ అందులోనే. ఊరు చేరగానే ఆటగాళ్లు సైకిళ్లెక్కి వీధుల్లో తిరిగి మధ్యాహ్నం ఆటకు జనాన్ని పిలుచుకునేవారు. అవమానాన్ని తప్పించుకునే ఉపాయమూ, టికెట్లు అమ్ముకునే ఉపాయమూ ఒకే ఏర్పాటులో ఇమిడిపోయాయి. లీగు ఇచ్చే కార్యక్రమ పట్టిక లేని చోట ఆ బోగీయే పట్టిక. ఆటలు కుదుర్చుకోవడం, గేటు వసూళ్లలో వాటా తేల్చుకోవడం, శీతాకాలంలో ఫ్లోరిడా హోటళ్లలో పని చూసుకుంటూ అతిథుల ముందు ఆడడం, ఇదంతా చేతికందిన అనుభవంతో అల్లుకున్న వ్యవస్థే.

ఈ వ్యవస్థను అత్యున్నత స్థాయికి తీసుకెళ్లిన మేనేజరు వైట్. మధ్యలో ఒహాయోలోని విల్బర్‌ఫోర్స్ విశ్వవిద్యాలయంలో చదువుతూ వేసవుల్లో ఆడాడు. 1902లో పాత్రికేయుడు హెచ్. వాల్టర్ ష్లిక్టర్, హ్యారీ స్మిత్‌లతో కలిసి ఫిలడెల్ఫియా జెయింట్స్‌ను స్థాపించాడు. అప్పటికి ఆయన వయసు 34, తను కూడా ఇన్‌ఫీల్డ్‌లో ఆడుతూనే ఉన్నాడు. 1903లో నల్లజాతి జట్ల చాంపియన్‌షిప్ పోటీలో క్యూబన్ ఎక్స్-జెయింట్స్ చేతిలో ఆయన జట్టు ఓడింది. ఆ ఓటమికి ముఖ్య కారకుడు ప్రత్యర్థి పిచర్ రూబ్ ఫాస్టర్. మరుసటి ఏటికల్లా ఫాస్టర్ వైట్ జట్టులో ఉన్నాడు, చాంపియన్‌షిప్ కూడా వైట్‌దే. తర్వాతి రెండేళ్లూ ఆ పేరు నిలుపుకున్నాడు. 1905లో తన జట్టు 134 ఆటలు గెలిచి 21 ఓడిందని లెక్క రాశాడు. 1906లో వరల్డ్ సిరీస్ గెలిచిన జట్టు తమతో ఆడి ఎవరు గొప్పో తేల్చుకోవాలని ఫిలడెల్ఫియా జెయింట్స్ యాజమాన్యం సవాలు విసిరింది. ఆ సవాలును ఎవరూ స్వీకరించలేదు. ఇక్కడ ఇంకో సంగతి గమనించాలి. తన పుస్తకంలో పిచింగ్ మీద అధ్యాయం ఫాస్టర్ చేత, బ్యాటింగ్ మీద అధ్యాయం గ్రాంట్ జాన్సన్ చేత రాయించాడు వైట్. ఆటను శాస్త్రంగా నేర్పే పాఠ్యం నల్లజాతి ఆటగాళ్ల చేతులతోనే రావాలన్న పట్టుదల అందులో నాకు కనబడుతుంది. పదమూడేళ్ల తర్వాత లీగు పెట్టిన ఫాస్టర్ ఎదిగింది ఈ వాతావరణంలోనే.

ఇక ఆ పుస్తకం. 1907లో ఫిలడెల్ఫియాలో ష్లిక్టర్ ప్రచురించిన ఆ బేస్‌బాల్ గైడు జేబులో ఇమిడేంత చిన్నది. ప్రకటనలు, జట్ల ఫొటోలు, పేర్ల జాబితాలు, వాటి మధ్య ఇరవై ఏళ్ల చరిత్ర. ఎవరు ఏ జట్టులో ఏ స్థానంలో ఆడారో ఓపిగ్గా నమోదు చేశాడు. వెల్డీ వాకర్ లేఖను మొత్తంగా తిరిగి అచ్చువేశాడు. జీతాల అంతరాన్ని లెక్కగట్టాడు: మేజర్ లీగ్ ఆటగాడికి ఏడాదికి సగటున 2,000 డాలర్లు, కింది లీగుల తెల్లజాతి ఆటగాడికి 571, నల్లజాతి ఆటగాడికి 466. నల్లవారిని లీగుల బయట ఉంచిన వర్ణరేఖ నైతికంగా తప్పని చెప్పినవారు ఆయనకు ముందూ ఉన్నారు. ఆ రేఖ ఒక మనిషి సంపాదనలో ఎన్ని డాలర్లు కోసేస్తుందో ఇలా అంకెల్లో పెట్టిన ఆటగాడు నాకు మరొకరు కనబడలేదు.

ఈ వాదనకు వచ్చే అభ్యంతరాల్లో బలమైనది సాక్ష్యం గురించి. వైట్ తటస్థుడు కాదు. తాను నడిపే జట్టుకు ప్రచారం కావాల్సినవాడు, ప్రచురణకర్త ఆ జట్టు యజమాని. పైగా కొన్ని చోట్ల ఆయన కథనం ఇతర ఆధారాలకు నిలవదు. వర్ణరేఖ భారమంతా దాదాపు ఆన్సన్ ఒక్కడి నెత్తిన వేశాడు. 1867 నిర్ణయమూ, బఫలోలో డైరెక్టర్ల ఓటూ చూస్తే ఆ నేరంలో వాటాదార్లు చాలామంది. క్యూబన్ జెయింట్స్ ఆటగాళ్లు విదేశీయులమని నమ్మించడానికి స్పానిష్‌లా వినబడే అర్థంలేని మాటలు మాట్లాడుకునేవారన్న ముచ్చట తరచుగా వినిపిస్తుంది. 1907 పుస్తకంలో అది లేదు. 1938లో ‘ఎస్క్వైర్’ పత్రికలో, వైట్ చెప్పగా విన్నదిగా వచ్చింది. ముప్పై ఏళ్ల తర్వాత పుట్టుకొచ్చిన ముచ్చటను అనుమానంతోనే చూడాలి. ఇదంతా ఒప్పుకున్నాక కూడా పుస్తకం విలువ తరగదు. ఆనాటి తెల్లజాతి పత్రికలు నల్లజాతి ఆటలను వదిలేశాయి, లేదా వెటకారంగా రాశాయి. ఆ పక్షపాతాన్ని లెక్కలోకి తీసుకుంటూనే చరిత్రకారులు వాటిని వాడుకుంటున్నారు. వైట్‌ను కూడా అలాగే, పక్కపక్కన పెట్టి సరిచూస్తూ చదవాలి. అలా సరిచూసే పనికి 1970లో రాబర్ట్ పీటర్సన్ ‘ఓన్లీ ది బాల్ వజ్ వైట్’ రాసేనాటికి ఈ పుస్తకమే పునాదిగా ఉంది. 1995లో జెర్రీ మలాయ్ దాన్ని తన సంపాదకత్వంలో తిరిగి వెలువరించాడు.

పెట్టుబడి గురించిన అభ్యంతరం మరొకటి ఉంది. కుక్, ష్లిక్టర్, కంచెల కంపెనీ యజమాని అందరూ తెల్లవారే కదా, దీన్ని నల్లజాతి వ్యవస్థ అనడం ఎలా? ఈ ప్రశ్న న్యాయమైనది, దాని జవాబు కూడా ఈ చరిత్రలోనే ఉంది. మైదానంలో అధికారం నల్లజాతి మేనేజర్ల చేతిలో ఉన్నా, గేటు డబ్బూ ఆటల కేటాయింపూ చాలావరకు ఇతరుల చేతిలో ఉండేవి. 1907లో జీతాల తగాదాతో ఫాస్టర్ మరికొందరితో షికాగోలోని లీలండ్ జెయింట్స్‌కు వెళ్లిపోయాడు. 1909లో వైట్ కూడా ష్లిక్టర్‌తో విడిపోయాడు. జట్టు ప్రతిభ ఒకరిది, ఖాతా పుస్తకం ఇంకొకరిది అయితే ఏం జరుగుతుందో ఆ తరం చేదుగా నేర్చుకుంది. 1920లో ఫాస్టర్ లీగును నల్లజాతి యజమానులతో, ఒక్క కాన్సస్ సిటీ మినహా, నిర్మించడానికి ఆ పాఠమే కారణం. కాబట్టి ముందుతరం పరిమితి కూడా తర్వాతి లీగు రూపాన్ని నిర్ణయించిన అంశమే.

ఇంకొందరికి వైట్ మాటతీరు మరీ మెత్తగా తోస్తుంది. ఆటను గంభీరమైన వృత్తిగా పట్టుకుని కృషి చేస్తే సమీప భవిష్యత్తులో రెండు జాతులూ కలిసి ఆడే దారి తెరుచుకుంటుందని ఆయన ఆశపడ్డాడు. ఆ సమీపం నలభై ఏళ్లు పట్టింది. 1896లో ప్లెసీ కేసు తీర్పు విడివిడి బతుకులకు చట్టబద్ధత ఇచ్చాక, ఈ ఆశను అమాయకత్వమనడం సులభం. అయితే ఆ పేజీల్లోనే వాకర్ లేఖ ఉంది, జీతాల పట్టిక ఉంది. ఆశను మాటల్లో పెట్టి అభియోగాన్ని దస్తావేజుల్లో పెట్టాడు వైట్. టికెట్లు కొనే తెల్లజాతి ప్రేక్షకుల మీద ఆధారపడి జట్టు నడిపేవాడు అంతకన్నా గట్టిగా రాసి ఉంటే పుస్తకం అమ్ముడయ్యేదా అన్నది కూడా ఆలోచించాలి.

చివరి అభ్యంతరం గణాంక శాస్త్రజ్ఞులది, దానికి నేను సగం తలవంచుతాను. నిర్ణీత కార్యక్రమం, సమాన స్థాయి ప్రత్యర్థులు, పూర్తి స్కోర్లు లేకుండా అంకెలను పోల్చలేమంటారు. నిజమే. ఆ 134 గెలుపుల్లో ఎక్కువ భాగం తమకన్నా తక్కువ స్థాయి ఊరి జట్ల మీద వచ్చినవే, వాటిని మేజర్ లీగు గెలుపుల పక్కన పెట్టలేం. 1920 గీతను గణాంకాల అవసరం కోసం గీస్తే నాకు పేచీ లేదు. ఆ గీతను చరిత్రకు ఆరంభంగా చదవడంతోనే పేచీ. లీగుల్లోకి రానివ్వని మనుషులను, లీగు రికార్డు లేదన్న కారణంతో రెండోసారి బయట ఉంచడం అవుతుంది అది. పట్టిక లేకపోవడం వాళ్ల ఆట లోపం వల్ల వచ్చింది కాదు, 1887లో ఒక గదిలో వేసిన ఓట్ల వల్ల వచ్చింది.

వైట్ ఆ తర్వాత 1911లో న్యూయార్క్‌లో లింకన్ జెయింట్స్‌కు, 1920లలో మరికొన్ని జట్లకు పనిచేశాడు, హార్లెం పత్రికల్లో రాశాడు. 1927లో ‘పిట్స్‌బర్గ్ కూరియర్’ ఆయన్ని పలకరించినప్పుడు, 1907 తర్వాతి చరిత్రతో రెండో పుస్తకం వేయడానికి ఆర్థిక సాయం చేసేవారి కోసం చూస్తున్నాడు. ఆ సాయం దొరకలేదు, ఆ పుస్తకం రాలేదు. ఫిలడెల్ఫియా, షికాగో, న్యూయార్క్ జట్ల అత్యంత ఆసక్తికరమైన పదమూడేళ్ల గురించి లోపలి మనిషి రాసిన చరిత్ర మనకు లేకపోవడం ఆ సాయం అందకపోవడం వల్లే. నల్లజాతి బేస్‌బాల్ చరిత్రలో ఇంత పెద్ద నష్టం మరొకటి లేదని నా అభిప్రాయం. 1947 ఏప్రిల్ 15న జాకీ రాబిన్‌సన్ మేజర్ లీగుల వర్ణరేఖను దాటి బ్రూక్లిన్ తరఫున మైదానంలోకి దిగేనాటికి వైట్ బతికే ఉన్నాడు. మరణించాక స్టాటెన్ ఐలండ్‌లోని ఫ్రెడరిక్ డగ్లస్ స్మారక శ్మశానంలో పేరు రాయని సమాధిలో ఖననం చేశారు. 2006లో ఒక ప్రత్యేక సంఘం ఆయన్ని, ఫ్రాంక్ గ్రాంట్‌నీ బేస్‌బాల్ హాల్ ఆఫ్ ఫేమ్‌కు ఎన్నుకుంది. బడ్ ఫౌలర్ వంతు 2022లో వచ్చింది. వైట్ సమాధికి రాయి 2014లో నిలిపారు.

సభలోని యువ పరిశోధకులకు ఒక విన్నపం. 1885 నుంచి 1919 దాకా నల్లజాతి జట్ల స్కోర్లు ఆనాటి ఊరి పత్రికల్లో చెదరిపోయి ఉన్నాయి. కొందరు ఔత్సాహికులు వాటిని ఏరి ఒకచోట చేరుస్తున్నారు, ఆ పనికి ఇంకా చేతులు కావాలి. నీగ్రో లీగుల మీద పాఠం చెప్పినా, వ్యాసం రాసినా 1920తో మొదలుపెట్టకండి. మొదటి వారం చదవాల్సిన జాబితాలో సాల్ వైట్ 1907 పుస్తకాన్ని పెట్టండి. 1995 ముద్రణ గ్రంథాలయాల్లో దొరుకుతుంది.